గృహములలో ఆర్కు బ్రేకరు: దాని అమరికయు, పరీక్షయు

విద్యార్థులారా! రెండు తీగల కొనలు గట్టిగా కలిసియున్నంతవరకు విద్యుచ్ఛక్తి చప్పుడులేక ప్రవహించును. ఆ కొనలు వెండ్రుకవాసి యెడమైనచో ఆ సందును దుముకుచు పోవును. అప్పుడు పుట్టు తీక్ష్ణమైన వెలుగునకే ఆర్కు అని పేరు. 19వ శతాబ్దారంభమున హంఫ్రీ డేవీ యను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు రెండు బొగ్గుకడ్డీల నడుమ దీనిని చూపెను. ఆ జ్వాల విల్లువలె వంగియుండుటచేతనే ఆ పేరు కలిగినది. మీరు క్షేత్రగణితమున చదువు చాపమనగా నిదియే. దాని వేడిమి కొన్నివేల డిగ్రీలు. ఇనుము నతుకువారికి మిక్కిలి యుపకరించు నీ వేడిమియే గోడలోపల కొయ్యప్రక్కను పుట్టినచో ఇల్లు కాలిపోవును.

ఫ్యూజుగాని, సాధారణమైన బ్రేకరుగాని దీనిని ఆపలేదా యని మీరడుగవచ్చును. ఆపలేవు. అవి ప్రవాహము మితిమీరినపుడే తెగును. అమెరికాదేశపు గృహములలో ప్లగ్గులకు 120 వోల్టులు వచ్చును. 1500 వాట్ల గది కుంపటి 12.5 ఆంపియర్లు పుచ్చుకొనును. దానికిపోవు తీగలో ఒక అతుకు వదులై ఆర్కు పుట్టినను ప్రవాహము పెరుగదు సరికదా, కొంచెము తగ్గును. 15 ఆంపియర్ల బ్రేకరు సర్వము క్షేమమని యూరకుండును.

అచ్చటి గృహములు పెక్కు కొయ్యచట్రములతో కట్టబడినవి. అందుచేత 1999వ సంవత్సరపు జాతీయ విద్యున్నిబంధనావళి, పడకగదుల ప్లగ్గులకు ఆర్కు బ్రేకరు లుండవలెనని విధించెను. అది 2002 జనవరి 1 నుండి అమలునకు వచ్చెను. 2008వ సంవత్సరపు ప్రతిలో ఈ నియమము ఇతర నివాసపు గదులకును వ్యాపించెను. మొదటి బ్రేకరులు రెండు తీగల నడుమ పుట్టు పెద్ద ఆర్కును, అనగా 75 ఆంపియర్లు మొదలుకొని, కనిపెట్టెడివి. తరువాత వచ్చిన ‘కాంబినేషను’ రకము ఒకే తీగ తెగినచోట 5 ఆంపియర్లతో పుట్టు ఆర్కునుగూడ పట్టుకొనును.

అది కనిపెట్టు విధము విచిత్రమైనది. అచ్చటి ప్రత్యావర్తి ప్రవాహము క్షణమునకు 120 మారులు సున్న యగును. సున్నయైన ప్రతిసారి ఆర్కు ఆరి, మరల ముట్టుకొనును. అందుచే తరంగమున చిన్న చదునులును, వానితో గరగరవంటి అలజడియు కనబడును. బ్రేకరులోని సూక్ష్మయంత్రము దీనినే వెదకును. స్విచ్చి వేసినపుడును, మోటారు బ్రష్షుల యొద్దను పుట్టు నిప్పురవ్వలను అది నేరముగా నెంచరాదు. ఇదియే కష్టమైన పని. అప్పుడప్పుడు పొరబడుటయు కలదు. మరియు, అతుకు ఆర్కు లేకుండ కేవలము ఎర్రగా కాగుచున్నచో దీనికి తెలియకపోవచ్చును.

ఇక అమరిక. ఇది లైసెన్సుగల పనివాని పని. పిల్లలు పెట్టెమూత తీయరాదు. ముఖ్యమైన స్విచ్చి కట్టినను వీథినుండి వచ్చు తీగల కొనలలో విద్యుత్తు ఉండనే యుండును. సాధారణపు బ్రేకరునకు నల్లని ఫేజు తీగ యొక్కటి చాలును. ఆర్కు బ్రేకరునకు, తెల్లని తోకగల రకమైనచో, ఆ గదికి చెందిన న్యూట్రలు తీగనుకూడ దానికే బిగించి, తోకను న్యూట్రలు పట్టెకు కలుపవలెను. రెండు గదుల న్యూట్రలులు ఎక్కడనైన కలిసిపోయినచో బ్రేకరు ఊరక పడుచుండుట సామాన్యము. తీగలను మెగ్గరుతో పరీక్షింపగోరినచో బ్రేకరును, సామానులను ముందు విడదీయవలెను. 500 వోల్టుల తాకిడికి వానిలోని సున్నితమైన భాగములు చెడును.

నెలకొకసారి పరీక్షామీట నొక్కుడని దానిపైననే వ్రాసియుండును. నొక్కగానే బ్రేకరు పడవలెను, పడనిచో మార్చవలెను. అయితే ఆ మీట బ్రేకరును పరీక్షించునేగాని గోడలోని తీగలను పరీక్షింపదు. ఈ భేదము నాకు ఒక చలికాలమున అమెరికాలో మా అమ్మాయి యింటనున్నపుడు బాగుగా తెలిసినది.

మనుమరాలు పండుకొను గదిలో బ్రేకరు మూడు రాత్రులు వరుసగా పడెను. మా అల్లుడు విసిగి, “మామయ్యగారూ, మీట నొక్కిన సరిగానే పడుచున్నది; ఇది అతి సున్నితమైనది కాబోలు. పాతరకము వేయించెదను” అనెను. “తొందరపడకు నాయనా, మొదట కారణము చూతము” అంటిని. సామాను లన్నియు ఊడదీసితిమి, బ్రేకరు నిలిచినది. అంతమాత్రమున తీగలు మంచివని చెప్పరాదు, ప్రవాహము లేనిదే వదులు అతుకులో ఆర్కు పుట్టదు గదా. ఒక్కొక్కటిగా మరల తగిలించితిమి. దీపము నిలిచెను, కుంపటి పెట్టినంతనే పడెను. అదే కుంపటి అవతలి గదిలో, అట్టి బ్రేకరు మీదనే, గంటసేపు పనిచేసెను. కాబట్టి దోషము కుంపటిది కాదు.

మరునాడు పనివాడు వచ్చి, విద్యుత్తు కట్టి, ప్లగ్గు నూడదీసెను. తీగను మరలతో బిగింపక, వెనుక రంధ్రములోనికి గ్రుచ్చి వదలిరి. లోని స్ప్రింగు సడలినది. తీగపై తొడుగు గోధుమవన్నెకు మాడి, ప్లగ్గు వెనుక నల్లబడియున్నది. దానికి జానెడు దూరముననే పాప మంచము. అల్లుడు చాలసేపు మాటాడలేదు. పనివాడు మాడినంతమేర తీగను కత్తిరించి, క్రొత్త ప్లగ్గు ప్రక్కమరల క్రింద గట్టిగా బిగించి పోయెను. బ్రేకరును మార్చలేదు.

ఆ నల్లబడిన ప్లగ్గు ఇప్పుడు మన పాఠశాల భౌతికశాస్త్రపు గదిలో, కిటికీ ప్రక్కనున్న బీరువాలో ఉన్నది. చూడగోరువారు మధ్యాహ్నపు విరామమున వచ్చి నన్నడుగవచ్చును.