అరసవల్లి కిరణం – గ్రహగతుల పాఠం

పాఠ్యభాగ ఉద్దేశం: గ్రహగతులను కంప్యూటరు సిమ్యులేషన్ల ద్వారా నేర్చుకొనే విధానాన్ని, అలా నేర్చినదాన్ని ఆకాశంతో సరిచూసుకోవలసిన అవసరాన్ని తెలియజేయడం.

శ్రీకాకుళం పట్టణాన్ని ఆనుకొని ఉన్న అరసవల్లిలో సూర్యనారాయణస్వామి ఆలయం ఉంది. ఏడవ శతాబ్దంలో కళింగ గాంగరాజు దేవేంద్రవర్మ దీనిని కట్టించాడని ప్రతీతి. ఏటా మార్చి 9, 10 తేదీల ప్రాంతంలోను, అక్టోబరు 1, 2 తేదీల ప్రాంతంలోను ఉదయసూర్యుని కిరణాలు ద్వారాలు దాటివచ్చి మూలవిరాట్టు పాదాలను తాకుతాయి. మబ్బు పట్టని నాడు కొద్ది నిమిషాలు మాత్రమే నిలిచే ఆ దృశ్యం కోసం భక్తులు తెల్లవారకముందే బారులు తీరుతారు. భక్తుడు ఆ కిరణానికి చేతులు జోడిస్తాడు. విద్యార్థి చేతులు జోడించి, ఒక ప్రశ్న కూడా వేసుకోవాలి: ఏడాదిలో ఈ రెండు సమయాలలోనే ఎందుకు?

సూర్యుడు ప్రతిదినం ఒకేచోట ఉదయించడు. ఉత్తరాయణంలో ఉదయస్థానం ఉత్తరానికి, దక్షిణాయనంలో దక్షిణానికి జరుగుతూ ఉంటుంది. భూమి అక్షం సుమారు 23.5 డిగ్రీలు వాలి ఉండటమే ఇందుకు కారణం. ఈ మాటను నల్లబల్లపై రాయడం సులభం. కాని తిరిగే భూమిని, వాలిన అక్షాన్ని, జరిగే ఉదయస్థానాన్ని కదలని బొమ్మలో చూపడం కష్టం. ఆ లోటును తీర్చేదే సిమ్యులేషన్. ప్రకృతి నియమాలను గణితరూపంలో కంప్యూటరుకు అందించి, కాలాన్ని, స్థలాన్ని, వేగాన్ని మనం మార్చుతూ ఫలితాన్ని చూసే ఏర్పాటు ఇది. 2000లో ఫాబియన్ షెరో ప్రారంభించిన స్టెల్లేరియం, 2002లో నోబెల్ గ్రహీత కార్ల్ వీమన్ కొలరాడో విశ్వవిద్యాలయంలో నెలకొల్పిన ఫెట్ ఇటువంటి ఉచిత సాధనాలు.

స్టెల్లేరియంలో అరసవల్లి స్థానాన్ని, అనగా 18.3 డిగ్రీల ఉత్తర అక్షాంశాన్ని, 83.9 డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని ఎంచుకోండి. సూర్యోదయ దిక్కును ఉత్తరం నుండి కొలవండి. తూర్పు 90 డిగ్రీలు. జూన్ 21న అది సుమారు 65, డిసెంబరు 21న సుమారు 115 డిగ్రీలు ఉంటుంది. మార్చి 10న, అక్టోబరు 2న మాత్రం దాదాపు 94 డిగ్రీలే! ఉత్తరానికి పోతూ ఒకసారి, దక్షిణానికి మరలివస్తూ ఒకసారి సూర్యుడు ఇంచుమించు అదే స్థానం నుండి ఉదయిస్తాడు. ద్వారాల వరుసకు ఆ దిక్కు సరిపడుతుంది గనుక కిరణం లోపలికి చేరుతుంది.

ఇక్కడ ఒక నియమం పాటించాలి. మీట నొక్కకముందే ఫలితాన్ని ఊహించి పుస్తకంలో రాసుకోవాలి. ఊహించకుండా చూసినది వినోదమే అవుతుంది. ఊహ తప్పిన చోటనే చదువు మొదలవుతుంది. ఉదాహరణకు, భూమి సూర్యునికి దగ్గరైనప్పుడు వేసవి వస్తుందని పలువురి భావన. పాఠ్యపుస్తకాలలో కక్ష్యను ఏటవాలుగా, బాగా సాగదీసి గీయడం ఈ అపోహను పెంచుతుంది. సిమ్యులేషన్‌లో కక్ష్యను పైనుండి చూస్తే అది దాదాపు వృత్తమే. పైగా భూమి సూర్యునికి అతి సమీపాన, సుమారు 14.7 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉండేది జనవరి మొదటి వారంలో. అంటే మన చలికాలంలో! జులైలో ఆ దూరం 15.2 కోట్ల కిలోమీటర్లు.

గ్రహాన్ని, సూర్యుణ్ణి కలిపే రేఖ సమాన కాలాలలో సమాన వైశాల్యాలను చిమ్ముతుందని కెప్లర్ 1609లో ప్రకటించాడు. అందుచేత భూమి జనవరిలో సెకనుకు 30.3 కిలోమీటర్ల వేగంతోను, జులైలో 29.3 కిలోమీటర్ల వేగంతోను సాగుతుంది. ఈ స్వల్పభేదం మన క్యాలెండరులోనే కనిపిస్తుంది. మార్చి విషువత్తు నుండి సెప్టెంబరు విషువత్తు వరకు సుమారు 186 రోజులు. అక్కడి నుండి తిరిగి మార్చి వరకు 179 రోజులు మాత్రమే.

అయినా తెర ఆకాశం కాదు. తెరపై గ్రహాల పరిమాణాలను, వాటి మధ్య దూరాలను తరచుగా ఒకే కొలతలో చూపరు. కార్యక్రమంలో పొరపాటు ఉంటే తెర దానినే నిజమని చూపుతుంది. కనుక మేడమీద ఒక కర్రను నిట్టనిలువుగా నాటి, వారానికొకసారి సూర్యోదయం కాగానే దాని నీడ దిశను గుర్తించండి. సూర్యుణ్ణి నేరుగా చూడవద్దు. నీడ చెప్పినది, తెర చూపినది ఒకటైననాడు ఆ జ్ఞానం మీ సొంతమవుతుంది.

అరసవల్లి ఆలయానికి కొలతలు వేసినవారి వద్ద కంప్యూటరు లేదు. వారి సిమ్యులేషన్ ఆకాశమే. ఓర్పుతో చూడటం, గుర్తుంచుకోవడం, సరిచూసుకోవడం వారి సాధనాలు. సాధనాలు మారినా ఆ ఓర్పు అవసరం తీరలేదు.

కఠిన పదాలు – అర్థాలు
ప్రతీతి = ప్రసిద్ధి
మూలవిరాట్టు = గర్భాలయంలోని ప్రధాన విగ్రహం
విషువత్తు = పగలు, రాత్రి ఇంచుమించు సమానంగా ఉండే దినం
అపోహ = తప్పుడు భావన

ప్రశ్నలు
1. అరసవల్లిలో కిరణస్పర్శ ఏటా రెండు సమయాలలో జరగడానికి కారణాన్ని వివరించండి.
2. "ఊహ తప్పిన చోటనే చదువు మొదలవుతుంది" అనే వాక్యాన్ని ఉదాహరణతో సమర్థించండి.
3. సిమ్యులేషన్ల పరిమితులు ఏవి? వాటిని ఎలా అధిగమించవచ్చు?