టీ రంగు నూతి నీళ్లకు పటికే మందు

తొలకరి పడిందంటే చాలు, చుట్టూ చెట్లున్న నూతుల్లో నీళ్లు టీ రంగుకు తిరుగుతాయి. వదినగారూ, వేలకు వేలు పోసి మిషను కొనేముందు ఇవి చేసి చూడండి. చాలా ఇళ్లలో పటిక ముక్కతోనే పని తెమిలిపోతుంది.

1. ముందు రంగు ఎక్కడిదో తేల్చుకోండి. గాజు గ్లాసులో నీళ్లు పట్టి రాత్రంతా కదపకుండా ఉంచితే, అడుగున మడ్డి దిగి పైన తేటబడ్డది మట్టో ఇనుమో; తెల్లారినా రంగు అలాగే ఉంటే అది ఆకులూ వేళ్లూ కుళ్లి దిగిన వగరు, టానిన్.

2. తోడినప్పుడు తేటగా ఉండి, గాలి తగిలాక ఎర్రబడితే ఇనుమే. అనుమానం తీరకపోతే జామాకు నలిపి గ్లాసులో వేయండి, ఇనుముంటే నీళ్లు ఊదాగా, నల్లగా మారతాయి.

3. ఇనుము నీళ్లకు పైసా ఖర్చక్కర్లేదు. ఒక బకెట్లోంచి ఇంకో బకెట్లోకి ఎత్తు నుంచి పదిసార్లు పోసి, రాత్రంతా ఉంచి, పొద్దున్నే పైతేట మడత గుడ్డలో వడకట్టుకోండి. టానిన్ దీనికి లొంగదు.

4. నూతి మీదికి వంగిన బాదం, వేప కొమ్మలు వానలకు ముందే కొట్టించండి. ఎండు బాదం ఆకు ఒక్కటి పళ్లెం నీళ్లలో రాత్రి వేసి ఉంచితే, పొద్దుటికి నీళ్లు ఏ రంగుకు తిరిగాయో మీ కళ్లే చెబుతాయి.

5. నూతి నోటికి సన్నటి నైలాను వల బిగించండి. పడ్డ ఆకులు పైపైనే చీపురుతో లాగేయొచ్చు, మనిషిని దింపి తీయించే కూలి మిగులుతుంది.

6. కొబ్బరి డొక్కలు, పీచుపొట్టు, ఆకుల కుప్ప, పెంట నూతికి దూరంగా, పల్లం వైపు వేయించండి. దగ్గరుంటే వానకు వాటి రసమంతా నేలలోకి దిగి నూతిలోనే ఊరుతుంది.

7. పైవరల సందులు సిమెంటుతో మూయించి, చుట్టూ బయటికి వాలుగా గచ్చు చేయించండి. ఒక్కసారి పెట్టే ఖర్చే, ఏటా వాన మురుగు లోపలికి దిగే బాధ తప్పుతుంది.

8. డాబా మీది వాననీళ్లు నూతిలోకి వదిలేవాళ్లు తొలివాన నీళ్లు బయటికే పోనివ్వండి. గొట్టం నోటికి జాలీ కట్టితే ఆకులూ రావు.

9. పూడిక తీయించేది ఎండాకాలం చివర, నీళ్లు అడుగంటినప్పుడు. తోడే నీళ్లు తక్కువ, పని తొందరగా తెములుతుంది, అడుగున కుళ్లిన ఆకంతా ఒక్క దెబ్బకు పోతుంది.

10. ఆ పని అలవాటున్నవాళ్లకే అప్పగించండి, నడుముకు తాడు, పైన మనుషులు ఉండాల్సిందే. దీపం దించితే ఆరిపోయిన నూతిలోకి ఎవర్నీ దిగనివ్వకండి, ఆరకపోయినా అదే భరోసా అనుకోవద్దు; ఆయిలింజను లోపల పెట్టారంటే పొగకే ప్రాణాలు పోతాయి.

11. పటిక ఎంత కావాలో కొలిచి తెలుసుకోండి. లీటరు నీళ్లలో 10 గ్రాముల పటిక కరిగించి, మూడు లీటరు సీసాల నూతి నీళ్లలో మందు సిరంజితో 3, 5, 8 మి.లీ. వేసి చూడండి, తక్కువతో తేటబడ్డదే మీ కొలత.

12. ఆ కొలతను ఇరవైతో హెచ్చవేస్తే 20 లీటర్ల బిందెకు సరిపోతుంది, అంటే 5 మి.లీ.కి 100 మి.లీ. ఎక్కువ వేస్తే పటిక వృథా, నోటికి వగరు.

13. పటిక నీళ్లు పోశాక ఒక నిమిషం గబగబా, ఐదు నిమిషాలు నెమ్మదిగా కలపండి. నలకలు ముద్దకట్టి అడుగుకు దిగాక, కదపకుండా పైతేట వంచుకుని వడకట్టండి.

14. నలకలు కట్టకపోతే చెంచాడు సున్నపు తేట వేసి మళ్లీ కలపండి. పటిక పనిచేయదని పారబోసే ముందు ఈ ఒక్కటీ చూడాలి.

15. పటిక నూతిలో కుమ్మరించకండి, మడ్డి అడుగునే పేరుకుంటుంది. తాగడానికీ వండడానికీ తేర్చుకుంటే చాలు, వాకిలి కడగడానికీ మొక్కలకూ ఉన్న నీళ్లే బాగు.

16. చిల్లగింజ సానమీద అరగదీసి కలిపితే బురద నీళ్లు తేరుకుంటాయి. టానిన్ రంగుకు దానిమీద ఆశపెట్టుకోకండి.

17. రంగు పోతుందని గంటలకొద్దీ మరిగించి గ్యాసు తగలేయకండి, నీళ్లు తగ్గేకొద్దీ రంగు చిక్కబడుతుంది. క్యాండిల్ ఫిల్టరూ కరిగిన రంగును ఆపలేదు.

18. పటికతో తేరిన నీళ్లలో ఇంకా లేతరంగు మిగిలితే యాక్టివేటెడ్ కార్బన్ ఫిల్టరులోంచి పోనివ్వండి. ముందే తేర్చడం వల్ల కార్బను ఎక్కువకాలం వస్తుంది.

19. బ్లీచింగ్ పౌడరు నూతి శుభ్రమయ్యాకే వేయండి, ఆకు రంగు దాని బలాన్ని తినేస్తుంది. నూతి అడ్డం అడుగుల్లో కొలిచి, అడ్డం × అడ్డం × నీటి లోతు × 22 చేస్తే లీటర్లు. వెయ్యి లీటర్లకు తాజా పౌడరు 2.5 గ్రాములు, అంటే 5 అడుగుల అడ్డం, 10 అడుగుల నీళ్లకు 14 గ్రాములు.

20. తెల్లబట్టలకు ఆఖరి జాడింపు ఒక్కటి తేరిన నీళ్లలో చేయండి, పసుపుచారలు పట్టవు. ఇనుము మరకకు బ్లీచింగ్ వేస్తే ఇంకా పాతుకుంటుంది, నిమ్మఉప్పు నీళ్లలో నానేయండి.

21. మిషను కొనక తప్పకపోతే టానిన్ రెసిన్ ఉందా అని అడిగి కొనండి. మామూలు సాఫ్టెనరు నీళ్ల కాఠిన్యాన్నే తీస్తుంది, రంగు నీళ్లు నేరుగా ఆర్వోకి పెడితే మెంబ్రేను తొందరగా పూడుకుపోతుంది.

22. తేటగా ఉన్నాయని తాగేయకండి, గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబులో క్రిముల పరీక్ష కూడా చేయించండి. రిపోర్టులో రంగు 5 హేజెన్ లోపు ఉంటే భేషు, వేరే నీళ్ల దారి లేనిచోట 15 దాకా ఒప్పుకుంటారు. అంతకు దించగలిగారంటే మిషను డబ్బు మీ కొంగునే ఉన్నట్టు.