టి కణములు: కుష్ఠువ్యాధి నేర్పిన పాఠము

నిజామాబాదు నుండి హైదరాబాదు పోవు దారిలో డిచ్‌పల్లి కలదు. 1915లో స్కాట్లండు దేశపు వైద్యురాలు డాక్టర్ ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జ్ కెర్ అచ్చట కుష్ఠురోగుల కొరకు విక్టోరియా ఆసుపత్రిని నెలకొల్పిరి. రాజా నర్సాగౌడు విరాళమొసగి తోడ్పడెను. తెలుగున "పెద్దరోగము" అనియు, ఉర్దూలో "జుజామ్" అనియు పిలువబడు ఈ వ్యాధికి వెరచి, అయినవారే రోగిని ఊరి వెలుపల నుంచిన దినములవి.

ఈ వ్యాధికి కారణమైన సూక్ష్మక్రిమిని 1873లో నార్వే శాస్త్రజ్ఞుడు హాన్సెన్ కనుగొనెను. అయితే మానవులలో నూటికి సుమారు 95 మందికి ఈ క్రిమి సోకినను వ్యాధి రాదు. వచ్చినవారిలో సైతము ఒకరికి ఒకటి రెండు మచ్చలతో ఆగును. మరియొకరికి దేహమంతట వ్యాపించును. క్రిమి ఒక్కటియే. మరి ఈ భేదమెచ్చటిది? దీనికి సమాధానము మన రక్తమునందలి టి కణములలో చాలవరకు లభించును.

టి కణములు తెల్ల రక్తకణములలో ఒక తెగ. ఇవి ఎముకల మూలుగలో జనించి, రొమ్ము ఎముక వెనుకనున్న థైమస్ గ్రంథిని చేరి పరిపక్వత చెందును. ఆ గ్రంథి పేరులోని తొలి అక్షరమే వీని పేరైనది. రోగనిరోధమునకు ఈ గ్రంథి ఎంత అవసరమో 1961లో జాక్ మిల్లర్ నిరూపించెను. ఇచ్చట జరుగు పరీక్ష మిక్కిలి కఠినము. పరాయి పదార్థమును గుర్తింపజాలని కణములును, స్వంత దేహముపై తిరుగబడు కణములును చాలవరకు నశించును. ఉత్తీర్ణమగునవి నూటికి కొన్ని మాత్రమే.

ఉత్తీర్ణమైన కణముల విధులు వేరువేరు. సహాయక కణములు శత్రువును స్వయముగా చంపవు. రసాయన సంకేతములను వెలువరించి ఇతర కణములను పనికి పురికొల్పును. ఎయిడ్స్ వైరస్ వీనినే నాశనము చేయును. అందువలననే ఆ రోగి సామాన్యమైన క్రిములకు సైతము లొంగిపోవును. సంహారక కణములు వైరస్ సోకిన కణములను గుర్తించి, వాని పొరకు రంధ్రములు చేసి చంపును. స్మృతి కణములు ఒకమారు చూచిన శత్రువును ఏండ్ల తరబడి మరువవు. టీకాల ఫలితము నిలుచుటకు ఇవియును ఒక కారణము. నియంత్రక కణములు పోరాటము మితిమీరకుండ కళ్ళెము వేయును.

ఇక కుష్ఠువు కడకు వత్తము. రక్తమునందలి భక్షక కణములు సాధారణముగా క్రిములను మ్రింగి జీర్ణించుకొనును. కాని కుష్ఠుక్రిమి భక్షక కణము కడుపులోనే నివాసమేర్పరచుకొని వృద్ధి చెందును. రక్తములో తిరుగు ప్రతిరక్షకములు అచ్చటికి చేరలేవు. అప్పుడు సహాయక కణములలో మొదటి రకమునకు చెందినవి గామా ఇంటర్‌ఫెరాన్ అను సంకేతమును పంపును. దానితో భక్షక కణము శక్తినొంది తనలోని క్రిమిని చంపును. ఇట్లు జరిగినచో వ్యాధి రాదు, లేదా కొలది మచ్చలతో ఆగును. సహాయక కణములు దారి మార్చి రెండవ రకపు సంకేతములనే పంపినచో ప్రతిరక్షకములు సమృద్ధిగా పుట్టును గాని ప్రయోజనముండదు. క్రిములు కోట్లుగా పెరుగును. ఈ రెండు కొసల నడుమ గల దశలను 1966లో రిడ్లీ, జాప్లింగ్ వర్గీకరించిరి.

ఇచ్చట మనము గ్రహింపవలసిన విశేషమొకటి కలదు. రోగి వ్రేళ్ళు వంకరలు పోవుటకు, స్పర్శ నశించుటకు క్రిమి మాత్రమే కారణము కాదు. నరములలో దాగిన క్రిమిపై టి కణములు చేయు దాడిలో నరమే దెబ్బతినును. కనుకనే వైద్యులు కొన్ని సమయములలో ఈ దాడిని తగ్గించుటకు ప్రెడ్నిసొలోన్ వంటి మందు నిత్తురు. రక్షణకు బలమెంత అవసరమో, నిగ్రహమును అంతే అవసరము. నియంత్రక కణములకు సంబంధించిన పరిశోధనలకే 2025లో సకగుచి, బ్రంకో, రామ్స్‌డెల్ అను మువ్వురికి నోబెల్ బహుమానము లభించెను.

డిచ్‌పల్లిలో తొలినాళ్ళ చికిత్స చాల్‌మోగ్రా జాతి నూనె సూదిమందు. 1982 నుండి ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసుపై రిఫాంపిసిన్, డాప్సోన్, క్లోఫాజిమిన్ కలిపిన బహుళ ఔషధ చికిత్స అమలులోనికి వచ్చెను. ఆరు నెలలలో గాని, సంవత్సరములో గాని వ్యాధి నయమగును, మందులు ఉచితము. చికిత్స మొదలైన కొలది కాలమునకే రోగి వలన ఇతరులకు సోకుట ఆగిపోవును.

అయినను చట్టము మారుటకు చాలకాలము పట్టెను. 1939 నాటి ముస్లిం వివాహ రద్దు చట్టములోను, 1955 నాటి హిందూ వివాహ చట్టములోను కుష్ఠువు విడాకులకు కారణముగా నుండెను. 2019లో పార్లమెంటు ఆ నిబంధనలను తొలగించెను. చట్టమున తొలగినది మనస్సులలోనుండియు తొలగవలెను.

విద్యార్థులారా! దేహముపై స్పర్శలేని పాలిపోయిన మచ్చ, లేదా ఎర్రని మచ్చ కనబడినచో దాచరాదు, దాపనీయరాదు. ఇంటివారినైనను, పొరుగువారినైనను వెంటనే ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు తోడ్కొని పోవలెను. నరము దెబ్బతినకమునుపే మందు అందినచో ఆ చేయి నాగలి పట్టును, కలము పట్టును. చదువుకొన్న మనము ఊరికి చేయదగిన సేవలలో ఇది సులభమైనది, విలువైనది.