అంతర్జాతీయ క్రీడలు – మన శ్రద్ధ : ఒక పరిశీలన

ఒలింపిక్స్, ఆసియా క్రీడలు, ప్రపంచ కప్పు పోటీలు జరిగే రోజులలో వాటి వార్తలను జనము నేటికీ వెనుకటి వలెనే అనుసరిస్తున్నారా? లేక ఆ ఆసక్తి సన్నగిల్లిందా? ఈ ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు చెప్పడము సులభమే గాని, అది సరియైన జవాబు కాజాలదు. 'అనుసరించడము' అనే మాటకు ఒక్కొక్క కాలములో ఒక్కొక్క అర్థము ఉన్నది. ముందుగా ఆ అర్థము ఎట్లు మారిందో చూచి, తరువాత ప్రశ్నకు వద్దాము.

వినికిడి కాలము

1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో భారత ఫుట్‌బాల్ జట్టు ఆతిథ్య దేశమైన ఆస్ట్రేలియాను 4–2 గోల్స్‌తో ఓడించి, చివరకు నాలుగవ స్థానములో నిలిచింది. ఆ జట్టుకు శిక్షణ ఇచ్చినవారు హైదరాబాదుకు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీమ్. ఆయన ఉపాధ్యాయ వృత్తి నుండి వచ్చినవారు. ఆయన శిక్షణలోనే 1951, 1962 ఆసియా క్రీడలలో మన జట్టు స్వర్ణ పతకాలు గెలిచింది. 1963లో ఆయన కన్నుమూశారు. ఆ విజయాలను మన ప్రాంతమువారు చూడలేదు. పత్రికలలో చదివారు, రేడియో వార్తలలో విన్నారు. కంటికి కనిపించని ఘనతను కాలము త్వరగా మింగివేస్తుంది. 2024లో 'మైదాన్' అనే హిందీ చలనచిత్రము వచ్చేవరకు రహీమ్ సాహెబు పేరు మన విద్యార్థులలో చాలమందికి తెలియదు.

1975 మార్చి 15న కౌలాలంపూర్‌లో భారత జట్టు పాకిస్తాన్‌ను 2–1 గోల్స్‌తో ఓడించి హాకీ ప్రపంచ కప్పు గెలిచింది. ఆ ఆటను దేశము రేడియోలో విన్నది. ఆ రోజులలో ఒక ట్రాన్సిస్టర్ చుట్టు పదిమంది చేరేవారు. వ్యాఖ్యాత గొంతు హెచ్చితే శ్రోతల గుండె వేగము హెచ్చేది. నాడు ఆటను అనుసరించడమంటే నలుగురితో కూడి వినడము.

చూపు కాలము

హైదరాబాదులో దూరదర్శన్ కేంద్రము 1977లో ఏర్పడింది. 1982లో, ఢిల్లీ ఆసియా క్రీడల సందర్భమున, దేశములో రంగుల ప్రసారాలు మొదలైనవి. మరుసటి ఏడు జూన్ 25న లార్డ్స్ మైదానములో 183 పరుగులు మాత్రమే చేసిన భారత జట్టు వెస్టిండీస్‌ను 140 పరుగులకే కట్టడి చేసి ప్రపంచ కప్పు గెలిచింది. అయితే అదే పోటీలలో జూన్ 18న జింబాబ్వేపై కపిల్ దేవ్ చేసిన అజేయమైన 175 పరుగుల ఆటకు చలన దృశ్యము లేదు. స్కోరు పట్టిక, కొన్ని ఛాయాచిత్రాలు, చూచినవారి మాటలు – ఇవే దానికి ఆధారము. ప్రసార సాధనము ఉన్న చోట జ్ఞాపకము నిలుస్తుంది. లేని చోట కథగా మారుతుంది.

1991 తరువాత ఉపగ్రహ చానళ్ళు వచ్చినవి. మంథని నుండి 1957 మొదలు 1977 వరకు శాసనసభ్యులుగా ఉండిన పి.వి. నరసింహారావు గారు ప్రధానమంత్రిగా ఉన్న రోజులవి. ఆట ప్రసారము ఎవరి సొత్తు అనే వివాదము అప్పుడే తలెత్తింది. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీమ్ కోర్టు 1995 ఫిబ్రవరి 9న తీర్పు చెప్పింది. 2007లో పార్లమెంటు ఒక చట్టము చేసింది. జాతీయ ప్రాముఖ్యము గలవని ప్రభుత్వము ప్రకటించిన పోటీల ప్రసారాన్ని, హక్కులు కొన్న సంస్థ వాణిజ్య ప్రకటనలు లేకుండ ప్రసార భారతికి కూడ ఇవ్వవలెనని దాని సారాంశము. చందా కట్టలేని ఇంటికి కూడ ఆట చేరవలెననే భావము ఇందులో ఉన్నది. ఆట చూడడము కేవలము సరదా కాదు, పౌరుని హక్కులలో దానికీ కొంత చోటు ఉన్నదని దీనివలన గ్రహించవలెను.

నేటి స్థితి

2022లో కతార్ ఫుట్‌బాల్ ప్రపంచ కప్పును మన దేశములో సెల్‌ఫోనులోనే ఉచితముగా చూడగలిగారు. మన దేశపు జట్టు అందులో లేదు. అయినను డిసెంబరు 18 నాటి అర్జెంటీనా–ఫ్రాన్స్ తుది పోటీని నిద్ర మాని చూచినవారు మన విద్యార్థులలో ఉన్నారు. ఉమ్మడి కరీంనగర్ జిల్లా నుండి గల్ఫ్ దేశాలకు పొట్ట చేత పట్టుకొని వెళ్ళినవారు వేలమంది. అట్టి ఇళ్ళలో కొడుకు మెస్సీ కోసము చూస్తే, తల్లి అక్కడ పనిచేసే ఇంటాయన క్షేమము కోసము ఆ దేశపు వార్త వింటుంది. ఆ మైదానాలు కట్టిన వలస కూలీల కష్టాలు, మరణాలు కూడ ప్రపంచ పత్రికలలో చర్చకు వచ్చినవి. క్రీడావార్త అంటే గోల్స్ లెక్క మాత్రమే కాదు గదా!

కావున ఆసక్తి తగ్గలేదనే మా అభిప్రాయము. తగ్గింది ఓపిక. ఆటను మొదటి నుండి చివరి వరకు చూచేవారు తక్కువ. రెండు నిమిషాల తునకలు చూచేవారు ఎక్కువ. ఫలితము అందరికీ తెలుసు, ఆట కొందరికే తెలుసు. పైగా ఎవరి ఫోను వారిది. పదిమంది కలిసి కేక వేసే సందర్భాలు అరుదైనవి.

ఎవరి ఆటను చూస్తున్నాము?

అసలు ప్రశ్న ఇది. క్రికెట్‌కు పత్రికలలో పేజీలు దొరుకుతాయి. ఇతర క్రీడలకు పతకము వచ్చిన రోజున మాత్రమే తలుపు తెరుచుకుంటుంది. నిజామాబాదు బిడ్డ నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ బాక్సింగ్ విజేత అయినది. ఆడపిల్లకు, అందునా ముస్లిమ్ ఇంటి పిల్లకు, ఈ ఆట ఏమిటని తొలినాళ్ళలో బంధువులు, తెలిసినవారు ఆక్షేపించారని ఆ కుటుంబమే పత్రికలకు చెప్పింది. వరంగల్ జిల్లా కల్లెడ గ్రామానికి చెందిన జీవంజి దీప్తి కూలి కుటుంబములో పుట్టింది. మేధోవైకల్యము కారణముగా చిన్నతనాన ఎగతాళికి గురి అయినది. 2024 మే నెలలో జపాన్‌లోని కోబేలో 400 మీటర్ల పరుగును 55.07 సెకన్లలో ముగించి తన విభాగములో ప్రపంచ రికార్డు నెలకొల్పింది. అదే సంవత్సరము పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్య పతకము పొందింది.

వీరి విజయము టెలివిజన్‌లో కనిపించిన తరువాత ఊరి చూపు మారింది. ఎగతాళి చేసిన నోళ్ళే ఎదురేగి దండలు వేయించినవి. ప్రసార సాధనాల నిజమైన శక్తి ఇదే. ఒక ఇంట్లో తండ్రి తన కూతురును మైదానానికి పంపుటకు ధైర్యము కావలెను. ఆ ధైర్యము అనేకసార్లు తెర మీద చూచిన మరొక కూతురు వలన వస్తుంది. అయితే దీప్తి పరుగును ఎందరు చూచారు? మేము మా తరగతులలో అడిగితే, పతకము సంగతి తెలిసినవారు అనేకులు. పరుగు చూచినవారు ఇద్దరు ముగ్గురే.

2028లో లాస్ ఏంజిలిస్‌లో ఒలింపిక్స్ జరుగనున్నవి. 1900 తరువాత క్రికెట్ అందులో మరల చేరుతున్నది. ఆ క్రికెట్‌ను చూడవద్దని మేము చెప్పము. దానితో పాటు మన జిల్లాల బిడ్డలు పాల్గొనే పోటీ ఒక్కటైనను మొదటి నుండి చివరి దాక చూడుడని మాత్రము విద్యార్థులను కోరుతున్నాము. కళాశాల హాలులో ఒక తెర, ఒక గోడ మీద ఉర్దూ, తెలుగు పత్రికల క్రీడాపుటలు – ఇంతటి ఏర్పాటు కళాశాల కమిటీ తలచుకొంటే భారము కాదు. ఆ గోడ దగ్గర మన విద్యార్థినులు కూడ నిలబడి చదువవలెను. ముందుగా వారే చదువవలెను.