సముద్రం వైపు చూసే సిమెంటు గది

 

సంక్రాంతి సెలవులకు నేను విశాఖపట్నంలోని మల్కాపురం, మా మావయ్య ఇంటికి వెళ్ళాను. ఆ ఇంటికి దగ్గరలోనే హిందుస్థాన్ షిప్‌యార్డు ఉంది. ఒకరోజు మావయ్య నన్ను బస్సులో బీచికి తీసుకెళ్ళాడు. అక్కడ ఇసుకలో సగం కూరుకుపోయిన సిమెంటు గది ఒకటి కనబడింది. నేను దానిమీద ఎక్కి దూకాను. "ఇదేటి మావయ్యా, నీళ్ళ ట్యాంకా?" అని అడిగాను. మావయ్య నవ్వి, "కాదురా, జపానోడి యుద్ధం నాటిది" అన్నాడు. తర్వాత నేను తెలుసుకున్నది మీ కోసం రాస్తున్నాను.

దీన్ని పిల్‌బాక్స్ అంటారు. అంటే మాత్రల డబ్బా. గోడలు బాగా మందం. వాటికి చిన్న కంతలుంటాయి. లోపలి సిపాయి కంతలోంచి తుపాకీ పెట్టి, ఒడ్డున దిగే శత్రువును కాల్చవచ్చు. బయటివాడి గుండుకు అతను సులువుగా దొరకడు.

మరి శత్రువు విశాఖకే ఎందుకు రావాలి? 1933లో ఇక్కడ ఓడరేవు తెరిచారు. 1941లో సింధియా కంపెనీ ఓడల కర్మాగారానికి పునాది పడింది. అదే నేటి షిప్‌యార్డు. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. పట్నం జనం మూటాముల్లె సర్దుకుని పల్లెలకు పోయారు. కాని జపాను సైన్యం మన ఒడ్డున దిగలేదు.

ఇంగ్లండులో కూడా ఇలాగే జరిగింది. 1940లో ఫ్రాన్సు ఓడిపోయాక జర్మన్లు సముద్రం దాటి వస్తారని అక్కడివాళ్ళు భయపడ్డారు. పొలాల్లో, నదుల పక్కన పిల్‌బాక్స్‌లు, కాంక్రీటు దిమ్మలు కట్టారు, కందకాలు తవ్వారు. దిమ్మలు యుద్ధ ట్యాంకుల కోసం. ట్యాంకుకు ముందువైపు ఇనుము మందం, అడుగున పలచన. దిమ్మ ఎక్కబోతే ముందుభాగం పైకి లేచి అడుగు బయటపడుతుంది. అప్పుడు దాన్ని కొట్టడం తేలిక. జర్మన్ సైన్యమూ దిగలేదు. ఆ దిమ్మలు చాలా ఇప్పటికీ పొలాల్లో ఉన్నాయి. కొన్నింటిని చట్టం కాపాడుతోంది.

మిత్రులారా, నేను చూసిన గది దగ్గర నాకు ఏ బోర్డూ కనబడలేదు. మావయ్య చెప్పకపోతే నేను దూకేసి వచ్చేసేవాణ్ణి. పాతదాని సంగతి చెప్పేవాళ్ళు లేకపోతే అది ఉత్త సిమెంటు ముక్కే. ఎవరైనా పగలగొట్టినా అడిగేవాళ్ళుండరు. ఈసారి ఇంటికెళ్ళినప్పుడు మీ ఊరి పాత రాయి గురించో, గోడ గురించో పెద్దవాళ్ళను అడిగి రండి. వచ్చే సంచికలో రాద్దాం.