‘చూద్దాం తియ్’ అనకండి

2023 డిసెంబర్ 28 నుంచి 2024 జనవరి 6 దాకా ఊరూరా ప్రభుత్వ పథకాల కోసం ప్రజాపాలన దరఖాస్తులు తీసుకున్నారు. ఆ పది రోజులూ కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో డిగ్రీ చదివిన పిల్లలకు తీరిక లేదు. “తమ్మీ, జర నా ఫారం నింపు బిడ్డా” అంటూ ఒకరి వెనక ఒకరు. ఆ పిల్లల్లో గ్రూప్‌-2 ఉద్యోగ పరీక్షకు చదువుతున్నవాళ్లూ ఉన్నారు. నిజానికి ఆ పరీక్ష జనవరి 6, 7 తేదీల్లోనే జరగాల్సింది. దరఖాస్తులు మొదలయ్యే ముందే వాయిదా పడింది కాబట్టి సరిపోయింది. చివరికి 2024 డిసెంబర్ 15, 16 తేదీల్లో జరిగింది. 783 పోస్టులు, నాలుగు పేపర్లు, 600 మార్కులు. ప్రతిసారీ వాయిదా వచ్చి ఆదుకోదు.

ఫారం నింపడం తప్పు కాదు. రాయరాని పెద్దమ్మకు చదువుకున్న పిల్లలు సాయపడకపోతే ఇంకెవరు పడతారు? నా బాధ మన మొహమాటం గురించి. “చూద్దాం తియ్ కాకా” అంటాం. మన లెక్కలో అది కాదని చెప్పినట్టే, కాకకు మాత్రం ఔనన్నట్టు. ఆయన అరుగు మీద కూర్చొని ఎదురుచూస్తాడు. లోపల మనకు పుస్తకంలో ఒక్క అక్షరం ఎక్కదు. ఇద్దరి పూటా పోతుంది.

దానికి బదులు ఇట్ల అనండి: “కాకా, పొద్దుగాల చదువుకుంటున్న. పొద్దుమీకి ఆరింటికి ఆధార్, రేషన్ కార్డు పట్టుకొని రా. దగ్గర కూసోని నింపిస్త.” కాక చిన్నబుచ్చుకోడు, మీ పొద్దటి పూట మీకే ఉంటుంది. ఆరింటికి మాత్రం ఇంట్లో ఉండాలి. ఒక్కసారి మాట తప్పితే రెండోసారి ఆ మాట ఎవరూ నమ్మరు. అసలే చేయలేని పనైతే మొదటి రోజే చెప్పండి. జ్వరమని అబద్ధమాడొద్దు, మన ఊళ్లలో అది సాయంత్రానికి బయటపడుతుంది.

ఉద్యోగం వచ్చాక అడిగే పనులు మారతాయి. అందులో అన్నిటికన్నా బరువైంది జమానతు. జీతం సర్టిఫికెట్ ఉన్న కుర్రాడు కనపడగానే చిట్టీకో, బ్యాంకు అప్పుకో సంతకం పెట్టమంటారు. “ఊకె సంతకమే కదరా” అంటారు. ఊకె సంతకం కాదు. 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం 128వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో వేరే మాట లేకపోతే, అప్పు తీసుకున్నవాడికి ఎంత బాధ్యతో జమానతుదారుకూ అంతే. “మామా, జమానతు ఎవ్వరికీ పెట్టనని ఇంట్ల మాటిచ్చిన” అనొచ్చు, నిజంగా ఇంట్లో ఆ మాట ఇచ్చి ఉంటేనే. అందుకే మొదటి జీతానికి ముందే ఇంట్లో కూర్చొని ఆ మాట అనుకోండి.

ఇక ఇంట్లో ఉండి చదువుకునే ఆడపిల్లలు. వాళ్లను ఎవరూ అడగరు, చెప్తారంతే: చాయ్ పెట్టు, చుట్టాలొచ్చిండ్రు, తమ్మునికి అన్నం పెట్టు. వాళ్ల చేత కాదనిపించే ముందు అడిగేవాళ్లు ఆగాలని నా పట్టుదల. అయినా ఒక దారి ఉంది. వంటింటి గోడ మీద పరీక్ష తేదీ రాసిపెట్టి, “అమ్మా, పొద్దుగాల ఆరు నుంచి తొమ్మిది దాక నన్ను పిలవకు, తొమ్మిదింటికి నేనే వస్త” అని చెప్పడం. ఆ మూడు గంటలు చాయ్ తమ్ముడు పెడతాడు.