పాతబడిన కట్టుడు పళ్లు

ఉద్దేశాలు
ఈ పాఠం చదివిన తరువాత మీరు:
– కట్టుడు పళ్లు ఎందుకు వదులవుతాయో చెప్పగలుగుతారు.
– కొత్త సెట్టు వల్ల కలిగే మేలును, దాని పరిమితిని వివరించగలుగుతారు.

1. ఎందుకు వదులవుతాయి?
మీ ఇంట్లో పెద్దవారు జొన్నరొట్టె మానేసి, పాలలో అన్నం పిసుక్కుని మింగుతున్నారా? "వయసు మీద పడింది, ఇంతే" అని ఊరుకోకండి. వారి పళ్ల సెట్టును గమనించండి.

పళ్లు తీసివేసిన చోట దవడ ఎముక ఏటేటా కొద్దికొద్దిగా తరిగిపోతుంది. సెట్టు అడుగు మాత్రం మొదటి ఆకారంలోనే ఉంటుంది. అందుకే ఒకప్పుడు బిగువుగా కూర్చున్న సెట్టు ఇప్పుడు నమిలేటప్పుడు కదులుతుంది. చిగుళ్లను ఒరుసుకుని పుండు చేస్తుంది. సెట్టులోని అక్రిలిక్ పళ్లు కూడా అరుగుతాయి. అప్పుడు రెండు దవడలు మరీ దగ్గరై ముఖం ముడుచుకున్నట్లు కనిపిస్తుంది. పెదవుల మూలలు పగలవచ్చు.

2. కొత్త సెట్టుతో ఏమి మారుతుంది?
సరిగా అమరిన సెట్టుతో ఒరిపిడి, నొప్పి తగ్గుతాయి. నలుగురితో కలిసి భోంచేయడానికి, నవ్వడానికి జంకు పోతుంది. నమలడం మాత్రం నెమ్మదిగా మెరుగుపడుతుంది. నాలుక, బుగ్గలు కొత్త సెట్టుకు అలవాటు పడటానికి కొన్ని వారాలు పడుతుంది. అంతవరకు మెత్తని పదార్థాలను చిన్న ముక్కలుగా, రెండు వైపులా నమలాలి. ఎక్కడైనా ఒత్తుకుంటే వైద్యునిచేత సరిచేయించుకోవాలి. ఎంత మంచి సెట్టయినా సహజమైన పళ్లకు సాటిరాదు.

మరొక సంగతి గుర్తుంచుకోండి. సెట్టు మారినంత మాత్రాన తిండి మారదు. ఏళ్ల తరబడి మానేసిన కూరగాయలను, పండ్లను మళ్లీ అలవాటు చేసుకోవాలి.

పళ్లు బాగుండి అడుగు మాత్రమే వదులైతే, లోపలివైపు కొత్త పొర వేయించుకుంటే సరిపోవచ్చు.

3. జాగ్రత్తలు
రాత్రి సెట్టు తీసి, బ్రష్‌తో శుభ్రం చేసి, మామూలు నీళ్లలో ఉంచండి. మరిగే నీళ్లలో వేస్తే వంకరపోతుంది. ఇంట్లో ఆకురాయితో అరగదీయకండి. నోటిలో పుండు రెండు వారాలకూ మానకపోతే తప్పక వైద్యునికి చూపించండి. అది క్యాన్సర్ కావచ్చు. పొగాకు అలవాటున్నవారికి ఈ ప్రమాదం ఎక్కువ.

పాఠ్యగత ప్రశ్నలు
1. పళ్లు తీసిన చోట ________ తరిగిపోవడం వల్ల సెట్టు వదులవుతుంది.
2. కొత్త సెట్టు పెట్టిన రోజునుంచే అన్నీ నమలవచ్చు. (ఒప్పు/తప్పు)
3. మీకు తెలిసిన ఒక పెద్దవారిని, పళ్ల ఇబ్బంది వల్ల ఏయే పదార్థాలు మానేశారో అడిగి రాయండి.

జవాబులు: 1. దవడ ఎముక 2. తప్పు